ఆ ఇంటి కథ ఎవరు చెబుతున్నారు?

వేదికమీది పెద్దలకు, సభలోని మిత్రులకు నమస్కారం.

సాహిత్యం, కళలు కుటుంబాన్ని, జెండర్‌ని, మానసిక ఆరోగ్యాన్ని ఎలా పరిశీలించాయో మాట్లాడమని నన్ను అడిగారు. ఈ మూడింటిలో ఏ ఒక్కదాని గురించి మాట్లాడినా సాయంత్రం గడిచిపోతుంది కాబట్టి, మూడూ కలిసే చోటు ఒక్కటి ఎంచుకున్నాను. ఒక ఇంట్లో ఒకరికి మనసు బాగోలేదని తేలినప్పుడు, ఆ మాట మొదట ఎవరన్నారు, ఎవరి గురించి అన్నారు, ఆ కథ మనదాకా ఎవరి నోట వచ్చింది అన్నదే ఆ చోటు. వైద్యుడు రోగిని చూస్తాడు. మంచి రచయితా, మంచి చిత్రకారుడూ రోగితోపాటు రోగి చుట్టూ నిలబడి చూస్తున్నవాళ్లను కూడా చూస్తారు. నేను చెప్పదలచుకున్నది ఇదే. దీనికి ఉదాహరణలు చెబుతాను, దీనిమీద నాకే ఉన్న అభ్యంతరాలు కూడా చెబుతాను.

ముందు ఒక చిత్రం చూద్దాం. పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో జరిగే ఒక పాఠాన్ని 1887లో ఆంద్రె బ్రూయే అనే ఫ్రెంచి చిత్రకారుడు నాలుగు మీటర్లకు పైగా వెడల్పున్న తైలవర్ణ చిత్రంగా గీశాడు. పాఠం చెబుతున్నది ఆనాడు యూరప్ అంతటా పేరున్న నాడీవైద్యుడు షార్కో. ఆయన పక్కన బ్లాంష్ విట్మన్ అనే హిస్టీరియా రోగి స్పృహ తప్పి వెనక్కి వాలిపోతూ ఉంటే, ఆయన శిష్యుడు బాబిన్‌స్కీ ఆమెను పట్టుకుని నిలబెట్టాడు. రోగీ, ఆమెను అందుకోవడానికి సిద్ధంగా ఉన్న ఇద్దరు పరిచారికలూ తప్ప ఆ గదిలో ఉన్నవాళ్లందరూ మగవాళ్లే. కొందరు నోటు పుస్తకాల్లో రాసుకుంటున్నారు, కొందరు ముందుకు వంగి చూస్తున్నారు. ఇక్కడ ఒక వివరం దగ్గర ఆగాలి. ప్రేక్షకుల వెనక గోడమీద ఒక బొమ్మ వేలాడుతోంది. అందులో ఒక స్త్రీ మూర్ఛలో ఒళ్లంతా విల్లులా వంచి ఉంది. చూసేవాళ్లకు ఆ బొమ్మ వీపు వెనక ఉంది. రోగికి మాత్రం అది ఎదురుగా ఉంది. తన ఒళ్లు ఏ భంగిమలోకి వెళ్తుందని ఇంతమంది ఎదురుచూస్తున్నారో, ఆ భంగిమను ముందే గీసి ఆమె కళ్లెదుట పెట్టారన్నమాట.

బ్రూయే దీన్ని విమర్శగా గీశాడని నేననుకోను. షార్కో ఘనతను చాటడానికే గీసి ఉంటాడు. షార్కో దగ్గర కొన్ని నెలలు చదువుకున్న ఫ్రాయిడ్ కూడా ఈ చిత్రం ప్రతిని తన గదిలో గౌరవంగానే పెట్టుకున్నాడు. అయినా గదిలో ఉన్నదంతా నిజాయితీగా గీయడం వల్ల, గీసినవాడి ఉద్దేశంతో సంబంధం లేకుండా, ఆ జబ్బు సగం రోగిలోనూ సగం ఆ గదిలోనూ ఉందని ఆ చిత్రం చెప్పేసింది. వైద్యశాస్త్రం ఆ మాట ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగనిర్ధారణ గ్రంథం నుంచి హిస్టీరియా అనే పేరును తొలగించింది 1980లో.

ఆసుపత్రి గది నుంచి ఇంటి గదిలోకి వద్దాం. షార్లెట్ పర్కిన్స్ గిల్మన్ అనే అమెరికన్ రచయిత్రికి 1885లో కూతురు పుట్టింది. ఆ తరువాత ఆమెను తీవ్రమైన దిగులు పట్టుకుంది. 1887లో ఫిలడెల్ఫియాలో వియర్ మిచెల్ అనే వైద్యుడి దగ్గర చేరింది. ‘విశ్రాంతి చికిత్స’ కనిపెట్టి పేరు తెచ్చుకున్నవాడాయన. మంచం దిగకూడదు, బాగా తినాలి, చదవకూడదు, రాయకూడదు. నెలరోజుల తరువాత ఇంటికి పంపుతూ ఆయన ఇచ్చిన సలహాను ఆమె తరువాత స్వయంగా రాసింది: వీలైనంతవరకు ఇంటిపనులతోనే బతకమన్నాడు, బుద్ధికి పనిపెట్టేది రోజుకు రెండు గంటలు మించకూడదన్నాడు, బతికినన్నాళ్లూ కలం గానీ కుంచె గానీ పెన్సిలు గానీ ముట్టుకోవద్దన్నాడు. మూడు నెలలు ఆ సలహా పాటించి, మతి పూర్తిగా పోయే అంచుదాకా వెళ్లి వచ్చానని ఆమె చెప్పుకుంది. ఆ అనుభవం నుంచి పుట్టిన కథ ‘ది యెల్లో వాల్‌పేపర్’ 1892లో అచ్చయింది.

ఈ కథను కొంచెం దగ్గరగా చూడాలి. కథ చెప్పే స్త్రీ భర్త వైద్యుడు, అన్న కూడా వైద్యుడే. వేసవికి అద్దెకు తీసుకున్న పెద్ద ఇంట్లో, మేడమీద, ఒకప్పుడు పిల్లలు ఆడుకున్న గదిలో ఆమెను ఉంచుతారు. కిటికీలకు ఊచలు, గోడలకు కడియాలు, కదలకుండా నేలకు బిగించిన మంచం. గోడకు అంటించిన పసుపుపచ్చ కాగితంలోని తీగల అల్లిక వెనక ఒక ఆడమనిషి బందీగా పాకుతోందని ఆమెకు రోజురోజుకీ గట్టిగా అనిపిస్తుంది. ఆమె దొంగతనంగా రాసుకుంటోంది. అడుగుల చప్పుడు వినపడగానే కాగితం దాచేస్తుంది. మనం చదువుతున్నది ఆ దాచిన కాగితమే. అందువల్ల ఈ కథ రూపమే ఒక వాదన అయింది. రాస్తే రోగం ముదురుతుందని ఇంట్లోవాళ్లు అంటున్నారు; ఆ రాత లేకపోతే ఆమె గురించి మనకు మిగిలేది ఆమె భర్త చెప్పే మాట ఒక్కటే.

ఈ కథలో ఆ భర్త చెడ్డవాడు కాడు. చెయ్యెత్తడు, గొంతు పెంచడు. ముద్దుపేర్లతో పిలుస్తాడు, మేడమెట్లు ఎక్కలేకపోతే ఎత్తుకుని తీసుకెళ్తాడు. ఆమె గది మార్చమంటే నవ్వుతాడు, ఇంకెక్కడికైనా వెళ్దామంటే నీ మంచికోసమే కదా అంటాడు. ఆమె చెప్పిన ప్రతి మాటనూ అతను ప్రేమగా వింటాడు, విని జబ్బు లక్షణాల చిట్టాలో రాసుకుంటాడు. దుర్మార్గుడైన భర్త మీద ఎదురుతిరగడానికి ఎవరికైనా మాటలు దొరుకుతాయి. మంచివాడైన భర్త మీద కోపం వస్తే ఆ కోపమే జబ్బుకు రుజువైపోతుంది. కుటుంబం గురించి ఈ కథ కనిపెట్టిన సత్యం ఇదేనని నాకు అనిపిస్తుంది, అందుకే నూట ముప్ఫై ఏళ్ల తరువాత కూడా దీన్ని చదువుతున్నాం.

ఇదే మిచెల్ గారి చికిత్సకు మగవాళ్ల కోసం ఇంకో ముఖం ఉంది. ఆయన దగ్గరకు ఓవెన్ విస్టర్ అనే యువకుడు నరాల బలహీనతతో వస్తే, ఆయన అతన్ని మంచాన పడుకోబెట్టలేదు. 1885లో దూరాన ఉన్న వయోమింగ్‌కు పంపాడు: గుర్రపు స్వారీ చెయ్యి, ఆరుబయట తిరుగు, వేటాడు. విస్టర్ కోలుకున్నాడు, అక్కడ చూసిందంతా రాసుకున్నాడు, 1902లో ‘ది వర్జీనియన్’ అనే నవల అచ్చువేశాడు. కౌబాయ్ నవలలకు, సినిమాలకు మూలపురుషుడనదగిన వీరుడు అందులోంచే వచ్చాడు. మనసు అలసిన ఆడమనిషికి గది తలుపు మూశారు, మనసు అలసిన మగమనిషికి దేశం తలుపు తెరిచారు. వైద్యుడు ఒక్కడే, కాలం ఒక్కటే, రోగం కూడా ఇంచుమించు ఒకటే. అమెరికన్ సాహిత్యంలో రెండు ప్రసిద్ధ రచనలు ఈ ఒక్క వైద్యుడి మందుచీటీల నుంచి పుట్టాయి.

నార్వే నాటకకర్త ఇబ్సెన్ రాసిన ‘ఎ డాల్స్ హౌస్’ నాటకం చాలామందికి తెలిసినదే. 1879 డిసెంబరులో కోపెన్‌హాగెన్‌లో మొదటిసారి ఆడారు. భర్త ప్రాణం కాపాడడానికి దొంగసంతకం పెట్టి అప్పు తెచ్చిన నోరా, ఆ సంగతి బయటపడ్డాక భర్త అసలు రూపం చూసి, ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. ఆ నాటకం వెనక ఒక నిజమైన మనిషి ఉంది. లారా కీలర్ అనే రచయిత్రి ఇబ్సెన్ కుటుంబానికి పరిచయస్థురాలు. క్షయతో ఉన్న భర్త వైద్యం కోసం ఆయనకు తెలియకుండా అప్పు చేసింది, తీర్చలేక దొంగ పత్రం సృష్టించింది. సంగతి తెలిసి ఆమె భర్త ఆమెను మానసిక చికిత్సాలయంలో చేర్పించాడు. కొంతకాలానికి ఆమె తిరిగి ఆ భర్త దగ్గరికే, పిల్లల కోసం, వచ్చింది. నాటకంలో నోరా తలుపు తీసుకుని బయటికి వెళ్లింది; జీవితంలో లారా వెనక తలుపు మూసుకుంది. ఇబ్సెన్ ఆమెకు ఇచ్చిన ముగింపు ఆమెకు దక్కలేదు. పైగా ఆ నాటకంలోని నోరా ఈవిడేనని లోకం చెప్పుకుంటూ ఉంటే జీవితాంతం బాధపడింది. చివర్లో మళ్లీ ఈ విషయానికి వస్తాను.

ఆ నాటకం జర్మనీకి వెళ్లినప్పుడు ఒక నటి, నా పిల్లల్ని నేనైతే వదిలి వెళ్లను కాబట్టి ఆ ముగింపు నటించనన్నది. వేరేవాళ్లు ఇంకా పాడుచేస్తారన్న భయంతో ఇబ్సెన్ స్వయంగా మరో ముగింపు రాసి ఇచ్చాడు. పిల్లలు నిద్రపోతున్న గది గుమ్మం దగ్గర నోరా కూలబడి ఉండిపోతుంది. తన నాటకం మీద జరిగిన దౌర్జన్యం అది అని ఇబ్సెనే అన్నాడు. తల్లి పాత్ర విషయంలో ప్రేక్షకులకు ఓపిక ఎంత తక్కువో ఈ చిన్న చరిత్ర చెబుతుంది. ఇబ్సెన్ వంటివాడి చేతే కలం వెనక్కి నడిపించింది.

ఇంతవరకు స్త్రీల గురించే మాట్లాడాను. జెండర్ అనగానే స్త్రీల సమస్య అనుకోవడం మన సభలకు అలవాటైపోయింది, దాన్ని కొంచెం సవరించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం డిప్రెషన్ మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ. ఆత్మహత్య మరణాలు మాత్రం మగవాళ్లలోనే ఎక్కువ. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న ఖాళీలో చాలామంది మగవాళ్లు నోరు మెదపకుండా ఉన్నారు. ఆ ఖాళీలోకి ముందుగా వెళ్లిన నవలల్లో ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1925లో ప్రచురించిన ‘మిసెస్ డాలోవే’ ఒకటి.

అందులో సెప్టిమస్ అనే యువకుడు మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చాడు. యుద్ధం ముగియబోతుండగా అతని ప్రాణమిత్రుడు చనిపోయాడు. అప్పుడు తనకు పెద్దగా బాధ కలగనందుకు అతను తనను తానే మెచ్చుకున్నాడు, మగతనం అంటే ఇదే కదా అనుకున్నాడు. తరువాత తెలిసింది, తనకు ఇక ఏదీ, ఎవరిమీదా, అనిపించదని. వుల్ఫ్ ఇక్కడ చేసిన పని సూక్ష్మమైనది. యుద్ధం వల్ల పిచ్చెక్కిందని చెప్పి ఊరుకోలేదు; ఏడవకుండా ఉండడాన్ని ఘనతగా నేర్పిన పెంపకమే ఆ జబ్బుకు పాదు తవ్విందని చూపించింది. ఒక వైద్యుడు వచ్చి నీకేమీ జబ్బు లేదు, క్రీడల మీదో బయటి విషయాల మీదో ఆసక్తి పెంచుకోమంటాడు. భార్య రెజియా సొంత దేశం విడిచి వచ్చింది, టోపీలు కుట్టడం తెలుసు, ఈ మనిషి ఏమైపోతున్నాడో తెలియదు. రెండో వైద్యుడు పెద్దమనిషి. రోగిని భార్యకు దూరంగా ఒక పల్లెటూరి ఆశ్రమానికి పంపాలంటాడు. అతన్ని తీసుకుపోవడానికి వచ్చిన అడుగుల చప్పుడు విని సెప్టిమస్ ప్రాణం తీసుకుంటాడు. అప్పుడు మొదటి వైద్యుడి నోట వచ్చిన మాట ‘పిరికివాడు’ అని. అతని జబ్బుకు మూలమైన మాటనే అతని మరణం మీద ముద్రగా వేశాడు.

ఆ నవలకు మొదట అనుకున్న ప్రణాళికలో సెప్టిమస్ లేడు, కథానాయిక క్లారిస్సా డాలోవేనే చనిపోవలసి ఉండింది, ఈ సంగతి వుల్ఫ్ 1928లో రాసిన ఒక ముందుమాటలో చెప్పింది. గృహిణికి రాసిపెట్టిన మరణాన్ని ఒక సైనికుడికి మార్చింది. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడరు. అయినా తన ఇంట్లో ఇస్తున్న విందు మధ్యలో ఎవరో అపరిచితుడు చనిపోయాడన్న వార్త విని క్లారిస్సా పక్క గదిలోకి వెళ్లి నిలబడినప్పుడు, ఆ బాధ ఆడదా మగదా అని అడగడం అర్థం లేని పని అవుతుంది.

మన భాషలో 1940ల్లోనే ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి, ఇద్దరూ తమ తలలోనే తిరుగుతూ ఉండే మగవాళ్లు. సీతారామారావును వంశప్రతిష్ఠ అనే బరువు వంచేసింది. దయానిధిని తల్లి గురించి లోకం అనే మాటలు వెంటాడాయి. ఒకరికి తండ్రి వారసత్వం, ఒకరికి తల్లి వారసత్వం. ఈ రెండు నవలలను మనోవైజ్ఞానిక నవలలని పాఠ్యపుస్తకాల్లో వర్గీకరించి ఊరుకున్నాం గానీ, కుటుంబం పురుషుడి మనసును ఎలా తయారు చేస్తుందన్న దృష్టితో ఇంకా బాగా చదవవలసి ఉంది. ఇది నా ఫిర్యాదు అనుకోండి.

ఇక కథ ఎవరు చెబుతున్నారు అన్న ప్రశ్నను రూపంలోనే బిగించిన నవల ఒకటి చెబుతాను. 2024లో నోబెల్ బహుమతి అందుకున్న కొరియన్ రచయిత్రి హాన్ కాంగ్ 2007లో ప్రచురించిన ‘ది వెజిటేరియన్’. యోంగ్‌హే అనే గృహిణి ఒక కల వచ్చాక మాంసం మానేస్తుంది. అంతే జరిగింది. ఆ చిన్న నిరాకరణ చుట్టూ కుటుంబమంతా బీటలు వారుతుంది. బంధువులందరి ముందు తండ్రి ఆమె నోట్లో బలవంతంగా మాంసం కుక్కుతాడు. నవలలో మూడు భాగాలున్నాయి. మొదటిది భర్త చెబుతాడు, రెండోది బావగారి వెంట నడుస్తుంది, మూడోది అక్క వెంట. యోంగ్‌హేకు తన భాగమంటూ లేదు. ఆమె కలలు కొన్ని ముక్కలుగా మధ్యలో మెరిసి మాయమవుతాయి. భర్తకు ఆమె ఒక అసౌకర్యం, బావగారికి ఆమె ఒళ్లు ఒక చిత్రఫలకం, అక్కకు ఆమె ఒక బాధ్యత. గిల్మన్ కథలో రోగి ఒక్కతే మాట్లాడింది. ఇక్కడ రోగి తప్ప అందరూ మాట్లాడారు. రెండు దారులూ ఒకే చోటికి చేర్చాయి. నాకు మాత్రం ఈ రెండో దారి ఎక్కువ కలవరం కలిగిస్తుంది, ఎందుకంటే చదివేవాళ్లం ఆ చూసేవాళ్ల వరసలో కూర్చుని ఉంటాం, బ్రూయే చిత్రంలో ముందుకు వంగి చూసే మనుషుల్లాగే. ఆ మూడో భాగంలోని అక్కను కూడా గమనించండి. చెల్లెలిని ఆసుపత్రిలో చేర్పించింది ఆమే, ప్రతి వారం వెళ్లి చూసేదీ ఆమే. చెల్లెలు తెంచుకుని పోయిన దాన్ని తాను కష్టపడి మోస్తున్నానని, తానూ ఎప్పుడో విరిగిపోయి ఉండవచ్చునని ఆమెకు తెలుస్తుంది. రోగిని చూసుకునేవాళ్ల మనసు గురించి ఇంత నిక్కచ్చిగా రాసిన నవలలు తక్కువ.

జబ్బు పేరు ఎత్తకుండానే ఇదే పని చేసిన తెలుగు కథ పి. సత్యవతి ‘ఇల్లలకగానే’. ఈగ ఇల్లలుకుతూ పేరు మరచిపోయిన పిల్లల కథ మనందరికీ తెలుసు. సత్యవతి కథలో ఒక గృహిణి ఇల్లు తుడిచీ తుడిచీ, ముగ్గు పెట్టీ పెట్టీ, ఒకరోజు తన పేరేమిటో మరచిపోతుంది. ఇరుగుపొరుగును అడిగితే వాళ్లకు తెలియదు. పిల్లల్ని అడిగితే నువ్వు అమ్మవి కదా అంటారు. భర్తకు అది ఒక సమస్యగానే తోచదు. చివరికి చిన్ననాటి స్నేహితురాలు ‘శారదా’ అని పిలిస్తే గాని ఆమె ఆమెకు దొరకదు. జ్ఞాపకశక్తి పోయిందని వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే ఆయన ఏదో ఒక పేరు పెట్టి ఉండేవాడే. రచయిత్రి ఆమెను వైద్యుడి దగ్గరకు కాక స్నేహితురాలి దగ్గరకు పంపింది. ఇంత తేలికైన గొంతుతో, నవ్విస్తూ, ఇంత పెద్ద సంగతి చెప్పడం సామాన్యమైన విద్య కాదు. ఈ సత్యవతి గారే రేవతి ఆత్మకథను ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు, దానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద బహుమతి వచ్చింది. అబ్బాయిగా పుట్టి అమ్మాయిగా బతకాలనుకున్న మనిషిని సొంత ఇల్లే ఎంత కొట్టగలదో, మళ్లీ ఆ ఇంటికోసమే ఆ మనిషి ఎంత తపిస్తుందో ఆ పుస్తకం చెబుతుంది. స్వలింగ ప్రేమను అమెరికన్ వైద్యులు జబ్బుల జాబితా నుంచి 1973లో తీశారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసింది. లింగ గుర్తింపులోని భేదాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తప్పించింది 2019లో ఆమోదించిన పట్టికలోనే. జాబితాలు మారకముందు ఆ మనుషులు ఉన్నారు, తమ గురించి తాము చెప్పుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను. సాహిత్యం ఎప్పుడూ రోగి పక్షానే ఉందనుకోవడం పొరపాటు. 1847లో వచ్చిన ‘జేన్ ఐర్’లో షార్లెట్ బ్రాంటీ ఒక భార్యను మేడమీద పెట్టి తాళం వేసింది. ఆమె అరుస్తుంది, కరుస్తుంది, ఇల్లు తగలబెడుతుంది. ఒక్క వాక్యం మాట్లాడదు. ఆమె పిచ్చిదన్నది భర్త చెప్పిన మాట. ఆమెకు బాల్యం, ఊరు, గొంతు ఇవ్వడానికి 1966లో జీన్ రీస్ ‘వైడ్ సర్గాసో సీ’ రాయవలసి వచ్చింది, నూట పందొమ్మిదేళ్ల తరువాత.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. 1970ల తరువాతి విమర్శ, ముఖ్యంగా స్త్రీవాద విమర్శలో ఒక పాయ, పిచ్చిని తిరుగుబాటుగా చదవడం నేర్పింది. అది చాలా కళ్లు తెరిపించింది, కాదనను. కానీ దాన్ని పట్టుకుని ప్రతి మానసిక వేదననూ ధిక్కారంగా పొగడడం మొదలుపెడితే, రాత్రంతా నిద్రపట్టక గోడవైపు చూస్తూ కూర్చున్న మనిషికి అది ఏ విధంగానూ పనికిరాదు. ఫ్రెంచి శిల్పి కమీ క్లోదెల్ జీవితం చూడండి. ఆమెకు జబ్బు లేదని చెప్పలేం. ఒకప్పుడు తన గురువూ ప్రియుడూ అయిన శిల్పి రొదాఁ తన శిల్పాలు దొంగిలిస్తున్నాడని, తనకు విషం పెడతారని ఆమె నమ్మింది. తన శిల్పాలను తానే పగలగొట్టింది. ఆమెకు అండగా నిలిచిన తండ్రి 1913 మార్చిలో చనిపోయాడు. వారం తిరిగే సరికల్లా కుటుంబం ఆమెను చికిత్సాలయంలో చేర్పించింది. తమ్ముడు పోల్ క్లోదెల్ పేరున్న కవి, దౌత్యవేత్త. కొన్నేళ్ల తరువాత ఆమెను ఇంటికి తీసుకెళ్లవచ్చునని వైద్యులు సూచిస్తే, తల్లి ఒప్పుకోలేదు. ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు. 1943లో ఆమె చనిపోయేదాకా, ముప్ఫై ఏళ్లు, చికిత్సాలయాల్లోనే ఉంది. జబ్బు నిజం, అన్యాయమూ నిజం. రెండింటిలో ఒకదాన్ని చెరిపేసి రాసిన ఏ జీవితచరిత్రనైనా నేను అనుమానిస్తాను.

దీనికి ఎదురుగా నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మూంక్‌ని పెట్టి చూడవచ్చు. అతని ‘ది స్క్రీమ్’ చిత్రం మొదటి రూపం 1893 నాటిది. దాని పైమూలన పెన్సిల్‌తో సన్నగా ఒక వాక్యం ఉంది, దీన్ని పిచ్చివాడు మాత్రమే గీయగలడు అని. ఎవరో చూసేవాడు అక్కసుతో రాశాడని చాలాకాలం అనుకున్నారు. 2021లో నార్వే జాతీయ మ్యూజియం పరారుణ కిరణాలతో పరీక్షించి ఆ చేతిరాత మూంక్‌దేనని తేల్చింది. 1895లో ఒక చర్చలో వైద్యవిద్యార్థి ఒకడు మూంక్ మతిస్థిమితాన్ని బహిరంగంగా ప్రశ్నించాడు, ఆ తరువాత రాసి ఉంటాడని వాళ్ల అంచనా. తన చెల్లెలు లారా మానసిక చికిత్సాలయంలో ఉండగా, ఆ మాట అతనికి ఊరికే తగలలేదు. మగ కళాకారుడు కాబట్టి లోకం వేసిన ముద్రను తన చిత్రం మీద తానే సంతకంలా రాసుకోగలిగాడు. క్లోదెల్‌కి ఆ వెసులుబాటు లేకపోయింది.

మూంక్ గురించి ఇంకొక్క మాట. అతని అక్క సోఫీ పదిహేనేళ్ల వయసులో క్షయతో చనిపోయింది. ఆ దృశ్యాన్ని ‘ది సిక్ చైల్డ్’ అన్న పేరుతో నలభై ఏళ్లలో ఆరుసార్లు తైలవర్ణంలో గీశాడు. ఆ చిత్రంలో రోగి ముఖం మనకు స్పష్టంగా కనిపిస్తుంది, తెల్లటి దిండుకు ఆనుకుని, ఎటో చూస్తూ. పక్కన కూర్చున్న పెద్దావిడ తల పూర్తిగా వంగిపోయి ఉంది, ముఖం కనిపించదు. ధైర్యం చెప్పవలసింది పెద్దావిడ. ధైర్యంగా ఉన్నది పిల్ల.

లారా కీలర్ సంగతికి వస్తానన్నాను. ఇంటి గుట్టును రచయిత బయటపెట్టినప్పుడు ఆ గుట్టు ఎవరిది? ఈ ప్రశ్నకు అమెరికన్ నాటకకర్త యూజీన్ ఓనీల్ చాలా ఇబ్బందిపడ్డాడు. 1939 నుంచి 1941 దాకా, తన సొంత ఇంటి కథనే ‘లాంగ్ డేస్ జర్నీ ఇంటు నైట్’గా రాశాడు. 1912 ఆగస్టులో ఒకే రోజు, ఒకే ఇల్లు. తండ్రి, ఇద్దరు కొడుకులు, మార్ఫిన్‌కు అలవాటుపడిన తల్లి. ఆ తల్లి మేడమీద నడుస్తుంటే కింద ముగ్గురు మగవాళ్లూ అడుగుల చప్పుడు లెక్కపెడుతూ ఉంటారు. అలా చూడకండి నన్ను, అని ఆమె పదేపదే అంటుంది. అందరూ తన సొంతవాళ్లే, అందరూ తాగుబోతులే, అయినా ఇంట్లో రోగి మాత్రం ఆమె ఒక్కతే. ఇంతసేపూ నేను చెబుతున్నదంతా ఆ ఒక్క నాటకంలో ఉంది. ఓనీల్ ఆ ప్రతిని సీలువేసి ప్రచురణకర్తకు ఇచ్చి, తాను చనిపోయిన పాతికేళ్ల వరకు అచ్చువేయవద్దన్నాడు, ప్రదర్శించనే వద్దన్నాడు. ఆయన 1953లో చనిపోయాడు. భార్య 1956లోనే దాన్ని అచ్చుకూ రంగస్థలానికీ ఇచ్చేసింది. ఆమె అలా ఇవ్వకపోతే ఆ శతాబ్దపు గొప్ప నాటకాల్లో ఒకటి చాలాకాలం మనకు అందేది కాదు. ఇచ్చినందుకు నేను సంతోషించేవాణ్ణే.

కానీ నాటకంలో లేని విషయం ఒకటుంది. ఓనీల్ తల్లి ఎల్లా 1912 తరువాత రెండేళ్లకే, ఒక కాన్వెంటులో ఉండి, ఆ అలవాటు నుంచి బయటపడింది. కొడుకుకు ఆ సంగతి తెలుసు. తెలిసీ, నాటకాన్ని 1912లో ఆపాడు, ఎందుకంటే అతన్ని వెంటాడింది ఆ ఏడాదే. నాటకానికి అదే సరైన చోటు. నాటకకర్తగా అతను చేసింది సరైన పనే. ఎల్లా 1922లో చనిపోయింది. ఆమె ఆ రెండేళ్లలో ఏం చేసి, ఎలా కోలుకుందో ఆమె మాటల్లో ఎక్కడా లేదు. ఎవరూ అడిగి రాసుకోలేదు.

నాకిచ్చిన సమయం అయిపోయింది. మీలో ఈ రచనలు చదివినవాళ్లు, నాతో విభేదించేవాళ్లు ఉంటారు. ఇక మీరు మాట్లాడండి, వింటాను.